కనుమరుగైన పశుమారి

పల్నాటిసీమకు దక్షిణపు వాకిలివంటిది వినుకొండ. ఊరిని ఆనుకొని నిలిచిన కొండపై రామలింగేశ్వరస్వామి కోవెల కలదు. మహాకవి గుఱ్ఱం జాషువ 1895లో జన్మించినది ఈ యూరిలోనే. చిరకాలము గుంటూరు జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. చుట్టును నల్లరేగడి చేలు, ఎఱ్ఱ చెలకలు. ప్రత్తి, మిరప, కంది, జొన్న ఇచ్చటి పంటలు. పడమటి దిక్కున నల్లమల అడవులు. నేడు పొలములలో ట్రాక్టరు చప్పుడు వినబడుచున్నది గాని, రెండు తరములకు పూర్వము ఇచ్చటి సేద్యమంతయు ఎద్దుల మూపులపైననే సాగెడిది.

నల్లరేగడి నేల రైతును తొందరపెట్టు నేల. తొలకరి వాన కురిసిన పిదప నేల పదునెక్కును. ఆ పదును ఆరిపోవులోపల దున్ని విత్తవలెను. నేల ఎండినచో గొఱ్ఱు దిగదు. మరల వాన పడినచో బురద కాళ్లకు చుట్టుకొని కాడి కదలదు. ఆ నాలుగైదు దినములలో కాడికి రెండెద్దులు లేని రైతునకు ఆ యేటి పంట లేనట్లే. విత్తుట ఒక్కటియే కాదు. మిరపతోటకు కపిల తోలినను, చేనికి పెంట చేరవేసినను, పండిన ప్రత్తిని బండిపై సంతకు చేర్చినను ఎద్దే ఆధారము. ఒంగోలు కోడెల జత యొకటి ఇంటనున్న రైతునకు ఊరిలో అప్పు పుట్టుట సులభము. ఆ జత పోయినచో ఉన్న అప్పు తీరుట కష్టము. ఇట్టి సీమలో పశువులకు అంటురోగము వచ్చుటయన నేమో ఇప్పటి బాలబాలికలు ఊహించుకొనుట కొంత కష్టమే.

ఆ రోగములలో నెల్ల భయంకరమైనది ముసర. దీనినే ఇంగ్లీషువారు రిండర్‌పెస్టు అనిరి. ఆ మాట జర్మను భాషనుండి వచ్చినది, పశువుల మహమ్మారియని దాని యర్థము. రోగము సోకిన పశువునకు కొన్ని దినములవఱకు ఏమియు కనబడదు. పిదప తీవ్రమైన జ్వరము వచ్చును. మేత మానివేయును, నెమరు నిలిచిపోవును. కన్నులనుండి, ముక్కునుండి మొదట నీరును, తరువాత చీమువంటి ద్రవమును కారును. నోటిలో చిగుళ్లపైనను, నాలుక క్రిందను తవుడు చల్లినట్లు తెల్లని పొక్కులు లేచి, అవి చితికి పుండ్లగును. అటుపిమ్మట దుర్గంధముతో కూడిన పారుడు పట్టుకొనును. దేహములోని నీరంతయు పోయి, వారము పది దినములలో పశువు కూలిపోవును. మునుపెన్నడు ఈ రోగము సోకని మందలో ఇది ప్రవేశించినచో నూటికి 90 వఱకు చనిపోయిన సందర్భములు కలవు. మన దేశపు మైదానములలోని పశువులకు తరతరములుగా దీనితో పరిచయ ముండుటచే చావులు అంతకంటె తక్కువగా నుండెడివి. అయినను ఒక కొట్టములో నున్న నాలుగు పశువులలో రెండు పోయినచో మిగిలినది సగమని సంతోషించు రైతు ఉండడు కదా!

పూర్వము గ్రామములలో ఇట్టి రోగము తగిలినప్పుడు గ్రామదేవతకు కొలుపులు చేసెడివారు. ఊరి పొలిమేరలలో తోరణములు కట్టి వాని క్రిందుగా పశువులను నడిపెడివారు. వేపాకు పొగ వేసెడివారు. కొన్ని చోట్ల కొలుపు ముగియువఱకు పరాయి పశువును ఊరిలోనికి రానీయకుండుటయు, ఊరి పశువును బయటకు పోనీయకుండుటయు ఆచారముగా నుండెను. ఈ కడపటి కట్టుబాటును మాత్రము తేలికగా తీసివేయరాదు. ముసరను కలిగించు క్రిమి పశువు దేహము వెలుపల ఎక్కువకాలము బ్రతుకదు. ఎండకు త్వరగా నశించును. రోగి పశువు ఊపిరి, చొంగ, పేడ దగ్గఱగా తగిలిననే గాని ఇంకొక పశువునకు అంటదు. కావున రాకపోకలు నిలిపివేయుట, ఏ కారణముచేత చేసినను, రోగమునకు అడ్డుకట్టయే. జాతరలలోను సంతలలోను మందలు కలిసిన పిదప రోగము ఊరూర వ్యాపించుటకు కారణ మిదియే.

ఈ మారి ఒక్క మనదేశమునకే పరిమితమైనది కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఐరోపా ఖండమంతయు దీనిచే అల్లాడెను. ఫ్రాన్సు దేశమున లియోన్ నగరములో 1761లో ప్రపంచమున మొట్టమొదటి పశువైద్య పాఠశాల వెలయుటకు ఈ రోగమే ముఖ్యకారణము. 1865లో ఇంగ్లండులో ప్రవేశించి అచ్చటి పాడి పశువులను లక్షలకొలది పొట్టన బెట్టుకొనెను. అన్నింటికంటె ఘోరమైన కథ ఆఫ్రికాది. 1887 ప్రాంతమున దిగుమతియైన పశువులతో ఈ రోగము ఆ ఖండపు ఈశాన్యభాగమున కాలుపెట్టెను. ఇథియోపియా దేశమున పశువులలో అధికభాగము చచ్చెను. దున్నుటకు ఎద్దులు లేక పొలములు బీడుపడినవి. కఱవు వచ్చి ప్రజలు అసంఖ్యాకులుగా మరణించిరి. పదేండ్లలోపల ఆ రోగము దక్షిణాఫ్రికా వఱకు నడిచిపోయెను. ఎద్దు చచ్చినచో మనిషి చచ్చునన్న మాట వినుకొండ రైతునకు క్రొత్త కాదు; అది ఆ దేశములో అక్షరాల జరిగెను.

మనదేశమున ఈ రోగమును శాస్త్రీయముగా పరిశీలించుటకు 1869లో ప్రభుత్వ మొక సంఘమును నియమించెను. 1889లో పూనాలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబొరేటరీ యను పరిశోధనాలయమును స్థాపించిరి. దానికి తొలి యధికారి ఆల్ఫ్రెడ్ లింగార్డ్. జనసమ్మర్దము గల నగరముచెంత అంటురోగపు క్రిములను ఉంచుట ప్రమాదకరమని 1893లో దానిని హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలించిరి. ఏడువేల అడుగులకు పైబడిన ఆ కొండమీద చలి యెక్కువ, మనుష్యులు తక్కువ, చుట్టును దేవదారు వనములు. నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు మూలము ఈ పరిశోధనాలయమే.

క్షయరోగ క్రిమిని కనుగొన్న జర్మను శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ 1896 చివర దక్షిణాఫ్రికాకు పోయి ముసరపై పరిశోధనలు చేసెను. ముసరతో చచ్చిన పశువు పిత్తమును తీసి మంచి పశువునకు సూదితో ఎక్కించినచో, దానికి రోగము నెదుర్కొను బలము వచ్చునని 1897లో ఆయన ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆయన ప్లేగు పరిశోధనకై మనదేశమునకు వచ్చి ముక్తేశ్వరమును గూడ దర్శించెను. పిత్తపు పద్ధతి పూర్తిగా నమ్మదగినది కాదు. దానిచే కొన్ని పశువులు రక్షింపబడినవి, కొన్ని రోగము తగిలి చచ్చినవి. కాని రోగమునకు విరుగుడు రోగి పశువు దేహములోనే ఉన్నదన్న సంగతి తేటపడెను.

ఆ విరుగుడు స్వరూప మేమి? ముసర వచ్చి బ్రతికిన పశువునకు ఆ రోగము మరల రాదని రైతులకు చిరకాలముగా తెలియును. సంతలో అట్టి ఎద్దునకు ఎక్కువ వెల పలుకుటయు కలదు. రోగక్రిమి దేహమున ప్రవేశించినప్పుడు, రక్తమందలి కొన్ని కణములు ఆ క్రిమి ఆకారమును గుర్తుపట్టి, దానికి సరిగా అతుకుకొనునట్టి పదార్థములను పుట్టించును. వీనిని ప్రతిరక్షకము లందురు. తాళపుచెవి తాళమునకు వలె ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్కొక్క క్రిమికే సరిపోవును. ముసరకు పుట్టినది గాలికుంటునకు పనికిరాదు. రోగము తగ్గిన పిదప ఆ కణములలో కొన్ని జ్ఞాపకముంచుకొని దేహమునందే నిలిచియుండును. రెండవసారి అదే శత్రువు వచ్చినచో అవి ఆలస్యము చేయవు.

బ్రతికిన పశువు రక్తమునుండి తేరిన రసిని తీసి రోగి పశువునకు ఇచ్చినచో కొంతకాలము రక్షణ కలుగును. ఇదియే సీరము పద్ధతి. ముక్తేశ్వరము ఈ సీరమును పెద్దయెత్తున తయారుచేసి దేశమంతటికి పంపెను. కాని ఇది అప్పు తెచ్చిన బలము. కొన్ని వారములలో తఱిగిపోవును. దేహము తన బలమును తానే కూడబెట్టుకొనవలెనన్నచో బ్రతికియున్న క్రిమి దానికి పరిచయము కావలెను, కాని రోగము రాకూడదు. చిక్కంతయు ఇందే కలదు. ఇంతకు ఆ క్రిమి సామాన్యమైన సూక్ష్మదర్శినికి కనబడదు. అది మిక్కిలి సన్నని వడపోతలనుండి గూడ జారిపోవునంతటి చిన్నదని 1902లో కాన్‌స్టాంటినోపిల్ నగరమున నికోల్, ఆదిల్ బే అనువారు నిరూపించిరి. ఇట్టి వానిని వైరసు లందురు. పిల్లలకు వచ్చు తట్టు వైరసును, ముసర వైరసును దగ్గఱి బంధువులు. తట్టు వైరసు ముసర జాతినుండియే క్రీస్తునకు కొన్ని శతాబ్దములకు పూర్వము విడిపోయి మనుష్యులకు అలవడి యుండునని 2020లో ప్రకటితమైన పరిశోధన వలన తెలియుచున్నది.

ముక్తేశ్వరమున జె. టి. ఎడ్వర్డ్స్ అను శాస్త్రవేత్త 1920 తరువాతి సంవత్సరములలో ఈ చిక్కు విప్పెను. ఆయన ముసర వైరసును మేకకు ఎక్కించెను. ఆ మేకనుండి మఱియొక మేకకు, దానినుండి ఇంకొక దానికి, ఇట్లు అనేక పర్యాయములు. మేక దేహమునకు అలవాటుపడిన కొలదిని ఆ వైరసు పశువును చంపు శక్తిని కోల్పోయెను. పుట్టింటి త్రోవ మఱచినట్లయ్యెను. అయినను పశువు దేహము దానిని ముసరగానే గుర్తుపట్టి ప్రతిరక్షకములను పుట్టించుచుండెను. ఒక్కసారి ఇచ్చిన టీకా ఏండ్ల తరబడి పనిచేసెను. రోగము తగిలిన మేకల ప్లీహమునుండి తీసిన ఈ టీకా మన మైదానపు పశువులకు బాగుగా కుదిరెను. మెత్తని జాతులకును, విదేశపు సంకరపు ఆవులకును మాత్రము దీని వేడి ఎక్కువ. టీకా వేసిన పశువునకు కొన్ని దినములు జ్వరము వచ్చుటయు, పాలు తగ్గుటయు కలదు. కావున దుక్కుల వేళ ఎద్దులకు టీకా వేయింప రైతులు వెనుదీయుటలో ఆశ్చర్యము లేదు. వారి సందేహమును మూఢత్వమని కొట్టివేసిన వారికంటె, దుక్కులు ముగిసిన పిదప వచ్చిన వారి మాటయే రైతులకు రుచించెడిది.

ఈ నడుమ జరిగిన యొక సంగతి ఒంగోలు సీమవారు తెలిసికొనదగినది. మన పశువులను బ్రెజిల్ దేశమువారు పందొమ్మిదవ శతాబ్దినుండియు కొనిపోవుచుండిరి. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో నుండుటచే ఆ దేశమున మన జాతికి నెలోరి యను పేరు నిలిచినది. 1920లో భారతదేశమునుండి బ్రెజిలునకు పోవు మూపురపు పశువుల ఓడ బెల్జియము నందలి ఆంట్‌వెర్ప్ రేవులో ఆగెను. ఆ పశువుల వలన ముసర బెల్జియమున వ్యాపించెను. ఐరోపా ప్రభుత్వములు మేల్కొని ఆలోచనలు చేసిన ఫలితముగా 1924లో 28 దేశములు కలిసి పారిసు నగరమున అంతర్జాతీయ పశురోగ కార్యాలయమును స్థాపించినవి. ఏ దేశమున ఏ రోగము పుట్టినను ఇతరులకు వెంటనే తెలుపుట దాని ధర్మము. ఇప్పుడది ప్రపంచ పశుఆరోగ్య సంస్థ యని పిలువబడుచున్నది.

స్వాతంత్ర్యము వచ్చునప్పటికి మనదేశమున ఏటేట వేలకొలది చోట్ల ముసర పుట్టుచు, లక్షలకొలది పశువులు చచ్చుచుండెను. 1954లో కేంద్రప్రభుత్వము జాతీయ ముసర నిర్మూలన పథకమును ప్రారంభించెను. నూటికి 80 పశువులకైన టీకా వేయవలెనని సంకల్పము. అన్నింటికి వేయకున్నను ఏల చాలునన్న ప్రశ్న కలుగవచ్చును. ఒక గడ్డివామి పచ్చిదై, నడుమ నడుమ మాత్రమే ఎండుగడ్డి యున్నచో నిప్పంటుకొనినను ప్రాకదు. అట్లే ఎక్కువ పశువులకు బలమున్న మందలో ఒకదానికి రోగము వచ్చినను, దానినుండి అందుకొనుటకు ప్రక్కనే ఇంకొక దుర్బలమైన పశువు దొరకక రోగము చల్లారిపోవును.

చెప్పుట సులభము. టీకామందు చల్లగా నున్ననే గాని పనిచేయదు. పల్నాటి వేసవి యెట్టిదో ఎఱిగినవారికి ఆ కష్టము తెలియును. నీటిని మంచుగా గడ్డకట్టించి, ఆ మంచును ఆవిరిగా లాగివేసి మందును పొడిచేయు పద్ధతి వచ్చిన తరువాత కొంత వెసులుబాటు కలిగెను. అయినను ఐసుపెట్టెలతో, థెర్మాస్ కుప్పెలతో పశువైద్య సిబ్బంది సైకిళ్లపై, బండ్లపై, నడకపై మారుమూల పల్లెలకు పోవలసివచ్చెను. నీటిలో కలిపిన మందును కొన్ని గంటలలో వాడివేయవలెను, లేనిచో పాఱబోయవలసినదే. ఆంధ్రదేశమున పశువైద్యుల కొఱత తీర్చుటకు 1955లో బాపట్లలో పశువైద్య కళాశాల వెలసి, తరువాత తిరుపతికి తరలెను.

పథకము వలన రోగము చాలవఱకు తగ్గెను గాని పోలేదు. దానికి కారణములలో ఒకటి జున్నుపాలు. టీకా పొందిన ఆవు ఈనినప్పుడు, ఆమె జున్నుపాలతో ప్రతిరక్షకములు దూడ దేహమునకు చేరును. అవి కొన్ని నెలలు దూడను కాపాడును. ఆ నెలలలో టీకా వేసినచో ఆ ప్రతిరక్షకములే టీకాలోని వైరసును చంపివేయును, టీకా వ్యర్థమగును. కొన్ని నెలలకు తల్లి యిచ్చిన బలము తఱిగిపోవును. అప్పుడు దూడ నిరాయుధముగా నిలుచును. ఏటేట పుట్టిన దూడలు ఇట్లు ఎండుగడ్డివలె చేరుచుండగా, దేశమంతట చల్లారిన నిప్పు దక్షిణాదిన మాత్రము నివురుగప్పి యుండెను. ఆంధ్ర, కర్ణాటక, తమిళ రాష్ట్రములు ఆ పట్టున చేరినవే.

కీన్యా దేశమున వాల్టర్ ప్లోరైట్ అను ఆంగ్ల శాస్త్రవేత్త 1960 ప్రాంతమున మేకలకు బదులు గాజుపాత్రలలో పెంచిన దూడ మూత్రపిండపు కణములలో వైరసును తొంబదిసార్లకు మించి మార్చి మార్చి పెంచి క్రొత్త టీకాను చేసెను. ఇది అన్ని జాతుల పశువులకును నిరపాయము, చవుక, ఒక్క మోతాదుతో జీవితాంతము రక్ష. మనదేశమును క్రమముగా ఈ టీకాకు మారెను. 1992లో ఐరోపా సంఘపు సాయముతో రెండవ మహాప్రయత్నము మొదలయ్యెను. 1995లో తమిళనాట కనబడినదే మనదేశమున కడపటి ముసర.

అప్పుడు చేసిన పని వినుటకు వింతగా నుండును. టీకాలు వేయుట మానివేసిరి! రోగము నిజముగా పోయినదని తెలియుటకు వేఱు మార్గము లేదు. పశువు రక్తములో ప్రతిరక్షకము లున్నచో అవి టీకా వలన వచ్చినవో, రోగము వలన వచ్చినవో పరీక్ష చెప్పజాలదు. టీకా నిలిపిన తరువాత పుట్టిన పశువు రక్తములో ప్రతిరక్షకము కనబడినచో రోగమెచ్చటనో దాగియున్నదని యర్థము. ఇది ధైర్యముతో కూడిన పని. ఒక్క నిప్పురవ్వ మిగిలియున్నను నలువదేండ్ల శ్రమ బూడిదయగును. సిబ్బంది ఊరూర తిరిగి, నోటిపుండు, పారుడు గల పశువేదైన ఉన్నదాయని విచారించిరి. మందలు నడుచు త్రోవలలో వెదకిరి. రక్తము సేకరించి పరీక్షించిరి. ఏమియు దొరకలేదు. 2006లో భారతదేశము ముసర వైరసు లేని దేశముగా గుర్తింపు పొందెను. కీన్యాలో అడవిదున్నలలో 2001లో కనబడిన రోగమే ప్రపంచమున తుదిది. 2011 జూను 28న ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ముసర భూమిపై లేదని ప్రకటించెను. మానవప్రయత్నముచే తొలగిపోయిన అంటురోగములు రెండే: మనుష్యుల మశూచి, పశువుల ముసర. కొన్ని పరిశోధనాలయములలో దాచిన వైరసును గూడ క్రమముగా నాశనము చేయుచున్నారు; ఇంగ్లండు నందలి పిర్‌బ్రైట్ సంస్థ తనయొద్దనున్న దానిని 2019లో నశింపజేసెను.

ముసర ఓడిపోవుట కొక స్వభావకారణము కలదు. ఆ వైరసు ఎన్ని రూపములు దాల్చినను ప్రతిరక్షకములకు ఒక్కటే; ఒక్క టీకా అన్నింటికి చాలును. కోలుకొన్న పశువు దేహములో అది దాగియుండదు. అన్ని శత్రువులు ఇంత సూటివారు కారు. వినుకొండ ప్రాంతపు గొఱ్ఱెల కాపరుల నడిగినచో ఆ సంగతి తెలియును. ఎద్దులు తగ్గినను ఈ సీమలో గొఱ్ఱెల మందలకు కొదువ లేదు; ఎండకాలమున మేతకై కొందఱు నల్లమల వైపునకు, కొందఱు కృష్ణ డెల్టాలోని కోసిన పొలములకు మందలను తోలుకొని పోవుదురు. ఆ మందలకు వానలు ముగియు దినములలో నీలినాలుక రోగము పట్టును. పెదవులు, ముఖము వాచి, నాలుక నీలివన్నెకు తిరిగి, గిట్టల మొదట మంట పుట్టి గొఱ్ఱె కుంటును. ఇది గొఱ్ఱెనుండి గొఱ్ఱెకు సూటిగా అంటదు. తడిపేడలో, బురదలో పెరుగు నలుసంత దోమపురుగులు కుట్టుట వలన వ్యాపించును. దీని వైరసునకు ఇరువది నాలుగింటికి మించిన తెగలు కలవు; ఒక తెగకు వేసిన టీకా ఇంకొక తెగను ఆపదు. అందుచే మనదేశమున ఎక్కువగా కనబడు ఐదు తెగలను చేర్చి ఒకే టీకాగా రూపొందించిరి.

ముసర నీడలో చాలకాలము దాగియున్న మఱియొక శత్రువు గూడ బయటపడెను. దక్షిణాదిన గొఱ్ఱెలకు, మేకలకు జ్వరము, నోటిపుండ్లు, పారుడు వచ్చినప్పుడు పశువులనుండి ముసర సోకినదని తలంచెడివారు. 1987లో తమిళనాడునందలి ఆరసూరు గ్రామపు గొఱ్ఱెలలో వచ్చిన రోగమును పరీక్షింపగా అది ముసర కాదనియు, దాని సోదరవైరసు వలన కలుగు పి. పి. ఆర్. అను వేఱు రోగమనియు తేలెను. 1942లోనే పశ్చిమాఫ్రికాలో దీనిని వర్ణించి యుండిరి. దీనికి ముక్తేశ్వరము పరిశోధకులే టీకాను కనుగొనిరి. ఒక్క మోతాదు మూడేండ్లకు తక్కువ కాకుండ రక్షించును. ముసరవలె దీని వైరసును ప్రతిరక్షకములకు ఒక్కటే కావున, 2030 నాటికి దీనిని గూడ భూమినుండి తొలగింపవలెనని 2015లో ప్రపంచదేశములు సంకల్పించినవి.

ముసర నాటి చిక్కులే ఇచ్చటను తిరిగి వచ్చినవి. గొఱ్ఱె త్వరగా ఈనును, త్వరగా అమ్ముడుపోవును. రెండు మూడేండ్లలో మంద దాదాపు క్రొత్తదగును. మూడునాలుగు నెలలు నిండని పిల్లకు జున్నుపాల బలము టీకాను అడ్డగించును. మంద నిలుకడగా ఒకచోట నుండదు. కావున వినుకొండ చుట్టుపట్ల టీకా వేయువారు తెల్లవారక మునుపే ఐసుపెట్టెతో దొడ్డికి చేరుకొందురు. ప్రొద్దు పొడిచి కాపరి తడిక తీసినచో మంద మేతకు పోవును, సాయంకాలము వఱకు చేతికి దొరకదు.